డ్రైవరమ్మా, రేడియో, ఆ వెలుగూ

మా డిపోలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ప్రయాణికులకీ, మెకానిక్కులకీ, ఆఖరికి మేనేజరుకి కూడా ఆవిడ డ్రైవరమ్మే. అంతకు ముందు మా దగ్గర ఆడమనిషి బస్సు స్టీరింగు పట్టింది లేదు కాబట్టి ఆ ఒక్క మాటా సరిపోయేది. నేను అక్కడ బ్రేకుల పని చేసేవాణ్ణి. మిగతా డ్రైవర్లు బండి తెచ్చి నా ముందు పడేసి, "ఏదో చప్పుడొస్తోంది, చూడు" అని టీకి పోయేవాళ్ళు. ఆవిడ మాత్రం నాతోపాటు బండి కింది గుంటలోకి దిగి, టార్చి పట్టుకుని, పని అయ్యేదాకా అక్కడే ఉండేది.

మాటలు తక్కువ. కోపం మాత్రం దాచుకునే రకం కాదు. ఒకసారి ఎవరో ప్రయాణికుడు వెనక నిలబడి, "జాగ్రత్తమ్మా, ఇది గరిటె తిప్పినట్టు కాదు" అన్నాట్ట. ఆవిడ నడిరోడ్డు మీద ఇంజను ఆపేసి సీట్లోంచి లేచింది. "రండి, మీరు తోలండి. గరిటె ఎక్కడుందో చెబితే నేను వెళ్ళి తిప్పుకుంటా" అంది. ఆ పెద్దమనిషి దిగిపోయేదాకా బండి కదల్లేదు.

ఆవిడ బండికి కండక్టరు సొంత బావే, అంటే అక్క మొగుడు. అతన్ని అందరం రేడియో అనేవాళ్ళం. టిక్కెట్టు చింపి చేతిలో పెట్టేలోపు ఒక కథ, చిల్లర ఇచ్చేలోపు ఇంకో కథ. ఊళ్ళో ఎక్కడ ఏ గొడవ జరిగినా తాను పక్కనే నిలబడి చూసినట్టు చెప్పేవాడు. నలుగురు తన మొహంలోకి చూస్తుంటే చాలు, అతనికి వేరే తిండి అక్కర్లేదు. అలాగని చెడ్డవాడని ఎవరూ అనేవాళ్ళు కాదు. ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని ఎక్కించేవాడు. తల్లి పోయాక డ్రైవరమ్మను పెంచింది అక్క. ఆ అక్క పోరుపెడితే, మరదల్ని వెంటబెట్టుకుని డిపో గేటు దాటించింది ఈ రేడియోనే.

అది చలికాలం. చీకటి పడే వేళ. నూలు మిల్లు దగ్గర షిఫ్టు దిగినవాళ్ళను ఎక్కించుకుని బస్సు కొండ పక్క రోడ్డు మీద ఊళ్ళోకి వస్తోంది. చలికి కిటికీలన్నీ మూసేసి, తలకు గుడ్డలు చుట్టుకుని జనం కునికిపాట్లు పడుతున్నారు. వెనక తలుపు పక్కన ఆఖరి సీట్లో గుండీలవ్వ కూడా ముసుగేసుకుని కునుకు తీస్తోంది. బజారు మలుపులో చొక్కా గుండీలు, హుక్కులు, దారాలు అమ్మే ముసలావిడ ఆమె. కొండ మలుపు స్టాపులో ఎవరో దిగారు. రేడియో విజిల్ వేశాడు. బస్సు కదిలి వేగం అందుకుంది.

అప్పుడు ముందు అద్దం తెల్లబడింది.

హెడ్‌లైట్లు వెలుగుతున్నాయో లేదో తెలియనంత తెలుపు అని ఆవిడ నాతో ఎన్నిసార్లు చెప్పిందో. ఆ తెలుపులో ఆకుపచ్చ జీర. రోడ్డు పక్క చెట్ల నీడలన్నీ ఒక్కసారి లేచి, రోడ్డుకు అడ్డంగా పరిగెత్తాయి. వాటిలో ఏది చెట్టో, ఏది మనిషో తెలియలేదు. ఎవరో గుంపుగా అడ్డం పడ్డారనుకుని ఆవిడ బ్రేకు తొక్కేసింది. తొక్కుతూనే తలెత్తి చూస్తే, కొండ మీదుగా ఒక నిప్పుముద్ద తోక ఈడ్చుకుంటూ పోతోంది. ఎడమ పక్క అద్దంలో వెనక ఫుట్‌బోర్డు కనపడింది. దాని మీద రేడియో, కడ్డీ పట్టుకుని సగం బయటికి వేలాడుతూ, నోరు తెరుచుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. అతని మొహం మీద ఆ వెలుగు. "అమ్మో, అదేంటది!" అని అరిచాడు. అరుపు ఆవిడకు స్పష్టంగా వినపడింది.

బస్సు మంచుకు తడిసిన రోడ్డు మీద జారి, ముందు చక్రం కాలవలో దిగి, పక్కకు ఒరిగి ఆగింది. నిప్పుముద్ద రెండు ముక్కలై ఆరిపోయింది. కొంచెంసేపటికి, దూరంగా ఎవరో గోడౌను షట్టరును పైనుంచి ఒక్కసారిగా వదిలేసినట్టు ఒక చప్పుడు వచ్చింది. లోపల జనం అప్పుడే కళ్ళు తెరిచి, టైరు పేలిందనుకున్నారు. కింద కంకర మీద గుండీలవ్వ పడి ఉంది. తెరిచి ఉన్న తలుపులోంచి జారిపోయింది. తుంటి ఎముక విరిగింది.

ఊరి మీద ఆ సాయంత్రం దట్టంగా మబ్బు. ఊళ్ళోవాళ్ళెవరూ ఏమీ చూళ్ళేదు. కొండకు అవతల ఎవరో మేకలు కాసుకునే మనిషి ఏదో వెలుగు చూశాడని పేపర్లో ఒక మూల చిన్నగా వచ్చింది.

డిపోలో విచారణ పెట్టారు. బ్రేకులు బాగున్నాయని చెప్పడానికి నన్ను పిలిచారు. బాగానే ఉన్నాయి, అదే చెప్పాను. అందుకే అక్కడ జరిగిందంతా బెంచీ మీద కూర్చుని విన్నాను.

రేడియో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ లేనిది, మాటలు వెతుక్కున్నాడు. "చెప్పడానికి నోరు రావడం లేదు సార్. మరదలు కదా. నేను వెనక తలుపు గొళ్ళెం వేసి, ముందుకొచ్చి ఆమె పక్కనే నిలబడ్డాను. చూస్తే తల వాలిపోతోంది. పిలిచేలోపే బండి కాలవలో ఉంది. ఆ కుదుపుకే గొళ్ళెం ఊడింది."

"ఆవిడ ఏదో పెద్ద వెలుగు అంటోంది?" అన్నాడు మేనేజరు.

"ఏ వెలుగూ లేదు సార్."

డ్రైవరమ్మ కుర్చీలోంచి లేచింది. "బావా, నా మొహంలోకి చూసి చెప్పండి."

అతను నేల చూశాడు. మేనేజరు నిట్టూర్చాడు. "వెలుగు వచ్చిందనే అనుకుందామమ్మా. పక్కన నిలబడ్డ మనిషికి కనపడలేదంటున్నాడు. పోనీ, గిట్టనివాడా అంటే సొంత బావ. నీ మీద ఆయనకేం పగ?"

ఆ మాటతో ఆవిడ పని అయిపోయింది. పరాయివాడు చెప్పి ఉంటే ఎవరైనా అనుమానించేవాళ్ళేమో. బావ చెప్పాడు కాబట్టి అందరూ నమ్మారు. ఉద్యోగంలోంచి తీసేశారు.

ఆ సాయంత్రమే ఆవిడ అక్క ఇంటికి వెళ్ళింది. రేడియో లేడు. అక్క మడతపెట్టిన బట్టలను మళ్ళీ విప్పి మడతపెడుతోంది. అలా చాలాసేపు చేసింది.

"అక్కా, ఆయన తలుపు దగ్గరే ఉన్నాడు. తలుపు మూయాల్సినవాడే తెరిచి పెట్టాడు. నేను కళ్ళారా చూశాను."

అక్క తలెత్తలేదు. "నాకు పిల్లలున్నారే."

"అంటే?"

"ఆయన ఉద్యోగం పోతే మేం అయిదుగురం రోడ్డున పడతాం. నువ్వు ఒంటిదానివి. ఎలాగైనా బతుకుతావు."

డ్రైవరమ్మ అక్కడే నిలబడి, గోడకు తగిలించిన కండక్టరు సంచీని చూస్తూ ఉండిపోయిందట. నేను తర్వాత అడిగాను, అక్కను ఏమైనా అన్నావా అని. "ఏమంటాను. ఆవిడ చేత్తో తిని పెరిగినదాన్ని. నోరు పెగల్లేదు. గుమ్మం దాటాక పెగిలింది. అప్పుడు ఎవరున్నారు వినడానికి?" అంది.

తర్వాత రెండేళ్ళు ఆవిడ బజారు చివర పంక్చర్ల దుకాణంలో పనిచేసింది. జాకీ పెట్టి లారీ లేపడం, చక్రం ఊడదీయడం, ట్యూబులో గాలి నింపి నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూడ్డం. దుకాణం మేస్త్రీ సరదా మనిషి. "అమ్మా, ట్యూబును ముంచమన్నాను గానీ, ఊపిరాడకుండా చంపమన్లేదు" అన్నాడొకసారి. ఆవిడ చేతుల్లో ట్యూబు అలా నలిగిపోయేది. తొట్టిలోకి వంగినప్పుడల్లా ఆవిడకు రేడియో మెడే కనపడేదట. దాపరికం లేకుండా నాతో చెప్పింది.

పాత బస్సు రోజూ ఆ దుకాణం ముందు నుంచే వెళ్ళేది. స్టీరింగు దగ్గర వేరే అతను. వెనక ఫుట్‌బోర్డు మీద రేడియో. బస్సు చప్పుడు వినగానే ఆవిడ చేతిలో పని వదిలి, రోడ్డు అంచుకొచ్చి, చేతులు వేలాడేసి నిలబడేది. కళ్ళార్పకుండా చూసేది. అతను మొదట్లో మొహం తిప్పుకునేవాడు. తర్వాత ఆ దుకాణం వచ్చేసరికి లోపలికి వెళ్ళి టిక్కెట్లు లెక్కపెట్టుకున్నట్టు నటించేవాడు. ఎండైనా వానైనా ఆవిడ ఒక్క ట్రిప్పు వదల్లేదు.

గుండీలవ్వ కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక, డ్రైవరమ్మ బజారులో కనపడితే చాలు, కర్ర ఎత్తి చూపించి, "ఒసే నిద్రమొహమా! నీ నిద్ర చల్లగుండ!" అని అరిచేది. జనం నవ్వేవాళ్ళు. ఆ పేరు అతుక్కుపోయింది. పంక్చరు వేయించుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు కూడా, "ఆంటీ, మేలుకునే ఉన్నారా?" అనేవాళ్ళు.

ఒకరోజు ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఆ బండికి వెనక బ్రేకు పైపు ఎటు నుంచి పోతుంది?" అని అడిగింది. నేను చేతిలో స్పానరు కింద పెట్టాను. నా మొహం చూసి నవ్వింది. "భయపడకండి. బండి నన్నేం చేసింది? అందులో ఎక్కేవాళ్ళు నన్నేం చేశారు? నాకు కావలసింది ఒక్కడే." ఆ నవ్వు కంటే ఆవిడ ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

రెండో ఏడు కొండ అవతల క్వారీలో రాళ్ళు కొట్టేవాళ్ళకు ఒక నల్లరాయి దొరికింది. కొబ్బరికాయంతే ఉంది గానీ, ఎత్తబోతే రెండు చేతులు కావలసి వచ్చింది. తడిమట్టిని వేళ్ళతో నొక్కినట్టు ఒళ్ళంతా సొట్టలు. కబురు ఎలా వెళ్ళిందో, యూనివర్సిటీ నుంచి ఒకావిడ జీపులో వచ్చింది. ఉల్కల మీద పరిశోధన చేస్తుందట. మేమంతా ఆవిణ్ణి ఉల్కలావిడ అనేవాళ్ళం. ఆ సాయంత్రం ఆకాశంలో పోయిన నిప్పుముద్దా, ఈ రాయీ ఒకటేనా అని తేల్చాలంటే చూసినవాళ్ళు కావాలి. ఎటు నుంచి ఎటు పోయింది, ఏ రంగు, చప్పుడు ఎంతసేపటికి వచ్చింది, ఇవన్నీ. ఎవరో డ్రైవరమ్మ సంగతి చెబితే నేరుగా పంక్చర్ల దుకాణానికి వచ్చింది.

"మీరు చూశారట కదా" అంది.

రెండేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. డ్రైవరమ్మ చేతులకు అంటిన మసి పైటకు తుడుచుకుంది. చెప్పేద్దామనే నోరు తెరిచిందట. సరిగ్గా అప్పుడే పాత బస్సు హారను కొడుతూ ఎదురుగా పోయింది.

"నేను చూసింది ఒక ముక్కేనమ్మా, అద్దంలోంచి," అంది. "మొత్తం చూసినవాడు ఒకాయన ఉన్నాడు. మా బావ. ఆ బస్సులో కండక్టరు. కానీ ఇంటికెళ్ళి అడిగితే చెప్పడు. మొహమాటస్థుడు. పదిమందిని పోగుచేసి, ముందు వరసలో కూర్చోబెట్టి, మైకు ఇవ్వండి. అప్పుడు చెప్తాడు. మా డిపో మేనేజరుని కూడా పిలవండి. ఆ రోడ్డు సంగతి ఆయనకు తెలుసు."

ఉల్కలావిడకు ఈ ఆలోచన బాగా నచ్చింది. ఆదివారం పొద్దున బడి హాల్లో సభ అన్నారు. రాయిని అద్దాల పెట్టెలో పెట్టి చూపిస్తారని, చూసినవాళ్ళు వచ్చి చెప్పాలని మైకు పెట్టి ఊరంతా చెప్పారు.

శనివారం డ్రైవరమ్మ గుండీలవ్వ కొట్టుకు వెళ్ళింది. అవ్వ ఆవిణ్ణి చూస్తూనే కర్ర వెతుక్కుంది.

"కొడితే కొట్టండవ్వా. ఆ తర్వాత ఒక మాట వినండి. మీ తుంటి ఎందుకు విరిగిందో రేపు బడిలో చెప్తారు. రండి."

"నువ్వు తోలే బండి ఎక్కమంటావా? నా రెండో తుంటి మీద కూడా కన్నేశావా?"

"నేను తోలను. రిక్షా పంపిస్తా."

అవ్వ కాసేపు గుండీల డబ్బా ఊపుతూ కూర్చుని, "వాడు మెల్లగా లాగేవాడేనా?" అని అడిగింది.

సభకు నేనూ వెళ్ళాను. హాలు నిండిపోయింది. రేడియో ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో, పక్కన పెళ్ళాంతో కూర్చున్నాడు. విచారణ చేసిన మేనేజరు అప్పటికే బదిలీ అయిపోయాడు. సభకు వచ్చిన కొత్తాయనకు పాత గొడవలు ఏం తెలుసులే అని రేడియో ధీమా. డ్రైవరమ్మ అతనికి కనపడకుండా వెనక స్తంభం చాటున నిలబడింది. గుండీలవ్వ ఆఖరి వరసలో శాలువా కప్పుకుని గోడకు ఆనుకుంది.

మొదట మేకలు కాసే ఆయన మాట్లాడాడు. ఎర్రగా ఉందన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత క్వారీ మనిషి రాయి దొరికిన సంగతి చెప్పాడు. మళ్ళీ చప్పట్లు. రేడియో కుర్చీలో అటూ ఇటూ మెదులుతున్నాడు. అక్క అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కడం నేను చూశాను. ఆవిడకు ఏదో తట్టి ఉండాలి.

"అయితే ఎరుపు రంగని రాసుకోనా?" అంది ఉల్కలావిడ.

"ఎరుపేంటమ్మా!" రేడియో లేచి నిలబడ్డాడు. "ముందు తెలుపు. తర్వాత ఆకుపచ్చ. ఆరిపోయేముందు నారింజ."

"మీరు చూశారా?"

"చూడ్డమా! నేను చూసినట్టు ఈ చుట్టుపక్కల ఎవరైనా చూసి ఉంటే రమ్మనండి."

మైకు అతని చేతికి వచ్చింది. ఇంక రేడియో రేడియోనే. ఎడమ చెయ్యి కొండయింది, కుడి చెయ్యి నిప్పుముద్దయింది. నీడలు ఎలా పరిగెత్తాయో చెప్పాడు, తోక ఎంత పొడుగో చెప్పాడు. హాలంతా ఊపిరి బిగబట్టి వింది. నిజం చెప్పాలి, అంత బాగా ఎవరూ చెప్పలేరు.

"బస్సులో మిగతావాళ్ళు చూళ్ళేదా?" అని అడిగింది ఉల్కలావిడ, రాసుకుంటూ.

"ఎలా చూస్తారమ్మా, కిటికీలన్నీ మూసుకుని ముసుగుతన్ని పడుకుంటే! నేను వెనక ఫుట్‌బోర్డు మీద ఉన్నా. తలుపు బార్లా తెరిచి ఉంది కాబట్టి ఆకాశం మొత్తం నాదే."

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో అతనికి ఏం వినపడలేదు. ఉల్కలావిడ మళ్ళీ అడిగింది. "అప్పటికి బస్సు ఆగి ఉందా, కదులుతోందా?"

"కదులుతూనే ఉందమ్మా. వెలుగు వచ్చాకే కదా మా మరదలు బ్రేకు..."

అక్కడ ఆగిపోయాడు. ముందు వరసలో అక్క కళ్ళు మూసుకుంది.

వెనక నుంచి కర్ర నేలకు తాటించిన చప్పుడు. గుండీలవ్వ గోడ పట్టుకుని లేచి నిలబడింది. "తలుపు తెరిచి ఉందా నాయనా?"

రేడియో మెడ సాచి వెనక వరసలోకి చూశాడు.

"ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చుని, గొళ్ళెం వేశానవ్వా, ఆ నిద్రమొహంది కుదిపేసరికి ఊడిపోయింది అని కన్నీళ్ళు పెట్టుకున్నావు కదా. మరి తెరిచి ఉందంటున్నావేంటి?"

మైకు ఇంకా అతని నోటి దగ్గరే ఉంది. అతని ఊపిరి ఒక్కటే గోడలకు తగులుతోంది, బుసబుసా.

డ్రైవరమ్మ స్తంభం చాటు నుంచి ఇవతలికి వచ్చింది. గొంతు పెంచలేదు. "ఆపారేం బావా? చెప్పండి. నేను నిద్రపోతున్నానా, మేలుకుని ఉన్నానా?"

ఆవిణ్ణి చూడగానే అతనికి అంతా అర్థమైపోయింది. మైకు జారి కింద పడి కీచుమంది. కొత్త మేనేజరు లేచి, పక్కన ఉన్న నన్ను, "ఈవిడేనా ఆ డ్రైవరు?" అని అడిగాడు. అవునన్నాను. "రేపు ఇద్దర్నీ డిపోకి రమ్మని చెప్పు" అని వెళ్ళిపోయాడు.

జనం పోయాక ఉల్కలావిడ డ్రైవరమ్మను నిలదీసింది. "నా సభను మీ కక్షకు వాడుకున్నారు."

"వాడుకున్నానమ్మా," అంది ఈవిడ. "మీ రాయికి సాక్షి దొరికాడు, నాకూ దొరికాడు. ఆయన చెప్పింది ప్రతి ముక్కా నిజం. నిశ్చింతగా రాసుకోండి."

బయట గుండీలవ్వ రిక్షా ఎక్కుతోంది. డ్రైవరమ్మ వెళ్ళి చెయ్యందించింది. అవ్వ ఆ చెయ్యి పట్టుకోలేదు. "నువ్వు మేలుకునే ఉన్నావు, సరే. బ్రేకు తొక్కింది నువ్వే, విరిగింది నా ఎముకే. ఇకమీదట నిన్ను తిట్టను. అంతకంటే ఏమీ అడక్కు." రిక్షా మెల్లగా కదిలిపోయింది.

ఆ మధ్యాహ్నమే రేడియో పంక్చర్ల దుకాణానికి వచ్చాడు. మేస్త్రీ మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. రేడియో నిలబడలేక పాత టైరు మీద కూలబడ్డాడు.

"గొప్ప కోసం ఏదో వాగానని చెప్తా. అసలు నేనేం చూళ్ళేదని చెప్తా. నువ్వు కూడా ఆ వెలుగు సంగతి గట్టిగా గుర్తు లేదని ఒక్క మాట అను తల్లీ. నా ఉద్యోగం నిలబడుతుంది."

"నాకు గుర్తు లేదా?"

"నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే వంగాడు. ఏడ్చాడు. భుజాలు ఎగసిపడేలా, ముక్కు కారుతూ ఏడ్చాడు. ఆవిడ ఆపమనలేదు, లేవమనలేదు. ట్యూబు మీద ప్యాచ్ అంటించి, అది ఆరేదాకా పట్టుకుని కూర్చుంది. "నాకు ఆకలేసిందండీ," అంది తర్వాత నాతో. "రెండేళ్ళుగా ఏది తిన్నా మట్టే. ఆయన ఏడుస్తుంటే కడుపులో ఆకలి లేచింది. ఆయన వెళ్ళగానే హోటల్‌కి పోయి కడుపునిండా తిన్నా."

మర్నాడు మేనేజరు గదిలో ఎక్కువసేపు పట్టలేదు. హాల్లో అంతమంది విన్నాక కాదనడానికి ఏముంది? మేనేజరు మంచి మనిషి. డ్రైవరమ్మను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగాడు. "నీ ఉద్యోగం నీకు వస్తుంది. అది ఖాయం. ఆయన సంగతే. రిటైరవడానికి దగ్గరపడ్డాడు. నువ్వు పోనీలే అంటే, యార్డులో ఏదో ఒక పనిలో పడేస్తా. లేదంటే తీసెయ్యాలి. నిర్ణయం నాదే, కానీ నీ మాట కూడా వినాలనుకుంటున్నా."

"పోనీలే అనను సార్."

"అక్క మొగుడమ్మా."

"తెలుసు సార్. నేను పెళ్ళాం చెల్లెల్నని ఆయనకూ తెలుసు."

రేడియోను తీసేశారు. ఇప్పుడతను సిమెంటు కొట్టు దగ్గర కాపలా కూర్చుంటున్నాడు. లారీ డ్రైవర్లు పలకరిస్తే తల ఊపుతాడు. కథలు చెప్పడం మానేశాడు. నేను ఒకసారి ఆగి, "ఏంటి విశేషాలు?" అన్నాను. "ఏముంటాయి" అన్నాడు. అతని నోట అంత చిన్న జవాబు నేను ఎప్పుడూ వినలేదు.

రేడియో ఉద్యోగం పోయిన రోజు సాయంత్రం అక్క డ్రైవరమ్మ గదికి వచ్చింది. కూర్చోలేదు. "కళ్ళు చల్లబడ్డాయా?" అంది.

"ఆయన అబద్ధం చెబుతున్నాడని నీకు తెలుసు కదక్కా."

"తెలుసు."

"మరి?"

"మరేంటి. అప్పుడు నేను తెలిసే చేశా. ఇప్పుడు నువ్వు తెలిసే చేశావు. ఇద్దరం ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళమే కదా." తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అక్క పిల్లలు కూడా పిన్ని ఎదురైతే రోడ్డు దాటిపోతారు.

డ్రైవరమ్మకు మళ్ళీ కొండ రోడ్డే ఇచ్చారు. మంచి రూట్లన్నీ వేరేవాళ్ళకు పోయాయి. ఆవిడ అడగలేదు కూడా. ఆ రోడ్డు మీద మొదటి రోజు, బస్సు కాలవలో దిగిన చోట వేగం తగ్గించిందా అని అడిగితే, "ఎందుకు తగ్గిస్తా? రోడ్డు నన్నేం అనలేదు" అంది.

మొన్న వానాకాలంలో గుంటలో నా పక్కన టార్చి పట్టుకుని కూర్చుని ఒక సంగతి చెప్పింది. ముసురు పట్టిన రోజట. స్టాపులో అక్క ఒక్కతే నిలబడి ఉంది. గొడుగు లేదు. చేతిలో కూరగాయల సంచీ. ఈవిడ బస్సు ఆపింది. అక్క తలెత్తి స్టీరింగు దగ్గర ఎవరున్నారో చూసి, మొహం తిప్పుకుంది. కొత్త కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదల్లేదు. మళ్ళీ వేశాడు. లోపల జనం గొణగడం మొదలుపెట్టారు. అక్క ఎక్కలేదు. ఈవిడ గేరు వేసింది.

"వెనక్కి తిరిగి చూశావా?" అన్నాను.

"చూశా. తడుస్తూనే ఉంది."

"మళ్ళీ ఆపలేదా?"

"లేదు," అని టార్చిని ఇంకో చక్రం వైపు తిప్పింది.